కారులో కంప్యూటర్: ప్రాసెసర్ కంటే ముందు బ్యాటరీ సంగతి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులకు నీళ్ళ పరీక్షలు చేసి సలహాలిచ్చే పని మీద రోజంతా భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు తిరుగుతుంటాను. పదేళ్ళ నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. అందులో ఒక కంప్యూటర్ శాశ్వతంగా బిగించుకోవాలని ఎప్పటినుంచో కోరిక. చెరువు లెక్కలు గట్టు మీదే ఎక్కించుకోవాలి. మ్యాపు, పాటలు, రోడ్డుని రికార్డు చేసే ముందు కెమెరా అన్నీ దాంట్లోనే నడవాలి. మినీ పీసీని ఎడమ సీటు కింద పెట్టి, సిగరెట్ లైటర్ సాకెట్‌కి చిన్న ఇన్వర్టర్ తగిలించి, డాష్‌బోర్డు కోసి 10 అంగుళాల తెర పెడదామనుకుంటున్నాను. 40 వేలు పక్కన పెట్టాను. ఏ ప్రాసెసర్ తీసుకోమంటారు? నిక్షేపంలాంటి కారుని కోస్తావా అని మా నాన్నగారు గోల పెడుతున్నారు.

జవాబు: మీ కోరిక సబబైనదే. గట్టు మీద నోటు పుస్తకంలో రాసుకుని, రాత్రి ఇంటికెళ్ళి మళ్ళీ కంప్యూటర్‌లో ఎక్కించే శ్రమ తప్పితే రోజుకి ఎంత సమయం మిగులుతుందో మీకే తెలుసు. కాబట్టి వద్దని చెప్పను. అయితే మీ ఉత్తరంలో ప్రాసెసర్ గురించి అడిగారు, తెర సైజు చెప్పారు, కరెంటు ఎక్కడినుంచి వస్తుందో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. కారులో పెట్టిన కంప్యూటర్లు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. అందుకని జవాబును ఆ వైపునుంచే మొదలుపెడతాను.

ముందు మీ పని చూద్దాం. చెరువులో ప్రాణవాయువు, మీరు డీఓ అనేది, బాగా పడిపోయేది తెల్లవారుజామున. రైతు మిమ్మల్ని పిలిచేదీ ఆ వేళకే. గట్టు మీద బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, నీళ్ళు తీసి, అమ్మోనియా, పీహెచ్, సాలినిటీ చూసి లెక్కలు ఎక్కిస్తారు. అంటే మీ కంప్యూటర్ అసలు పని చేసేది ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు. పాటల కోసం పెట్టుకునేవాళ్ళకి ఈ చిక్కు లేదు, బండి నడుస్తుంటే డైనమో కరెంటు ఇస్తూనే ఉంటుంది. మీకు మాత్రం గట్టు మీద గడిపే ప్రతి నిమిషం బ్యాటరీలోంచే పోతుంది.

లెక్క వేద్దాం. చిన్న మినీ పీసీ మామూలు పనిలో 15 వాట్లు, తెర 10 వాట్లు అనుకుంటే మొత్తం 25 వాట్లు. 12 వోల్టుల దగ్గర అది 2 ఆంపియర్ల పైచిలుకు. మీలాంటి చిన్న కారుకి సాధారణంగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. అది సెల్ఫ్ కొట్టడానికి చేసిన బ్యాటరీ, ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలా లోతుగా వాడుకోవడానికి పనికిరాదు. మూడో వంతుకు మించి తీయకూడదనుకుంటే మీ చేతికొచ్చేది 11, 12 ఆంపియర్ అవర్లు, అంటే కొత్త బ్యాటరీ మీద ఐదు గంటలు. మూడేళ్ళ పాత బ్యాటరీ అయితే అందులో సగం కూడా నమ్మకండి. రాత్రి కంప్యూటర్ కట్టేయడం మర్చిపోయి పడుకున్నారంటే పది గంటల్లో 20 ఆంపియర్ అవర్ల పైన పోతుంది. పొద్దున్నే రైతు ఫోన్ చేసేసరికి బండి కదలదు.

అందుకే ఇన్వర్టర్ ఆలోచన మానుకోండి. 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీ చేసి, దాన్ని మళ్ళీ అడాప్టర్‌తో 19 వోల్టుల డీసీకి దింపడంలో సుమారు నాలుగో వంతు కరెంటు వేడిగా పోతుంది. కంప్యూటర్ ఆగి ఉన్నా ఇన్వర్టర్ తన ఖర్చు తాను తింటూనే ఉంటుంది. పైగా తడి చేతులతో, బురద కాళ్ళతో ఎక్కే బండిలో 230 వోల్టులు పెట్టుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

సిగరెట్ లైటర్ సాకెట్ కూడా శాశ్వతమైన పనికి కాదు. గతుకుల రోడ్డు మీద ఆ ప్లగ్గు వదులవుతుంది. ఇంకో సంగతి మీరే ఒకసారి గమనించండి. సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి, దాని చిన్న లైటు మీద కన్నేసి తాళం తిప్పండి. సెల్ఫ్ తిరిగే ఆ క్షణంలో చాలా కార్లలో లైటు ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది. సెల్ఫ్‌కి పూర్తి బలం దక్కాలని ఆ కాసేపు మిగతా వాటికి కరెంటు ఆపుతారు. ఫోన్‌కి దాంతో ఇబ్బంది లేదు. కంప్యూటర్ మాత్రం మీరు బండి తీసిన ప్రతిసారీ ఠక్కున ఆగి మళ్ళీ మొదలవుతుంది. రోజుకి పదిహేను చెరువులు తిరిగితే పదిహేను సార్లు. రాస్తున్న ఫైలు ఏదో ఒక రోజు చెడిపోతుంది.

మరి ఏం చేయాలి? కార్ల కోసమే చేసిన డీసీ నుంచి డీసీ కన్వర్టర్ ఒకటి తీసుకోండి. 6 వోల్టుల నుంచి 30 వోల్టుల దాకా ఏది వచ్చినా తట్టుకుని, అవతల కంప్యూటర్‌కి కావలసిన వోల్టేజీని నిలకడగా ఇచ్చేవి దొరుకుతాయి. కారులో 12 వోల్టులు అంటాం కానీ అవి ఎప్పుడూ 12 ఉండవు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా ఉంటాయి, సెల్ఫ్ కొట్టినప్పుడు 9కీ, చలివేళ పాత బ్యాటరీ అయితే ఇంకా కిందికీ పడతాయి. కాలవలో నీటిమట్టం ఎలా ఉన్నా చేలోకి కావలసినంతే వదిలే తూములాంటిది ఈ కన్వర్టర్. ‘నా మినీ పీసీ 12 వోల్టులదే కదా, నేరుగా బ్యాటరీకి తగిలిస్తే పోలా’ అని కొందరంటారు. సరిపోదు. దాని అడాప్టర్ ఇచ్చేది కదలని 12 వోల్టులు, మీ కారు ఇచ్చేది ఎగిరిపడే 12 వోల్టులు. కంప్యూటర్ అడుగున లేబుల్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది. దాన్ని బట్టి కన్వర్టర్ ఎంచుకోండి, కాస్త మిగులు ఉండేలా.

కొనేటప్పుడు దానికి మూడు వైర్లు ఉన్నాయో లేదో చూడండి. ఒకటి బ్యాటరీనుంచి ఎప్పుడూ కరెంటు ఉండేది. రెండోది ఎర్త్. మూడోది తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది. ఈ మూడోది కంప్యూటర్‌ని నడపదు, తాళం ఉందా తీశారా అన్న కబురు మాత్రం చెబుతుంది. తాళం తిప్పగానే కన్వర్టర్ కంప్యూటర్ పవర్ బటన్ నొక్కినట్టు చేస్తుంది. తాళం తీసేశాక మీరు పెట్టినంత సేపు, మీకైతే అరగంట, ఆగి మళ్ళీ బటన్ నొక్కుతుంది. కంప్యూటర్ పద్ధతిగా మూసుకున్నాక కరెంటు పూర్తిగా కోసేస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కబురు ఒక్క క్షణం తెగినా ఫరవాలేదు, అసలు కరెంటు బ్యాటరీనుంచి వస్తూనే ఉంటుంది. విండోస్‌లో పవర్ బటన్ నొక్కితే షట్‌డౌన్ కావాలని సెట్ చేయడం మాత్రం మర్చిపోకండి. లేకపోతే కొన్నింట్లో అది స్లీప్‌లోకి పోతుంది, ఇంత ఏర్పాటూ వృథా అవుతుంది.

బ్యాటరీ ఒక స్థాయికి పడిపోతే తనంతట తానే కోసేసే సౌకర్యం కూడా అందులో ఉండాలి. బ్యాటరీ మీద భారం లేనప్పుడు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి వచ్చినట్టు. మీరు 12కి దగ్గర్లో కోసేలా పెట్టుకుంటే తెల్లవారుజామున గట్టు మీద చిక్కుకుపోరు.

ఏమీ కొనకముందే ఒక మల్టీమీటర్ తెచ్చుకుని మీ బండి నాడి పట్టండి. పొద్దున్నే బానెట్ ఎత్తి, ఇంకా తాళం పెట్టకముందు బ్యాటరీ ఎన్ని వోల్టులుందో చూడండి. 12.4 కంటే తక్కువ ఉంటే మీ మొదటి ఖర్చు కొత్త బ్యాటరీయే కావచ్చు. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు చూస్తూ ఉండండి, 9.6 కంటే కిందికి పోతుంటే బ్యాటరీ నీరసించిందన్నమాట. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ, హెడ్‌లైట్లు వేసి చూడండి, 13.5 పైన నిలబడాలి. ఆఖరిది కాస్త ఓపికగా చేయాల్సింది. తాళం తీసేసి, డోర్లన్నీ మూసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి మధ్యలో కలపండి. పావుగంట ఆగితే బండి నిద్రపోతూ ఎంత తింటోందో కనిపిస్తుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మంచిదే. మీటరు మధ్యలో ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, మీటరు కాలిపోతుంది. ఈ అంకె రాసి పెట్టుకోండి. కంప్యూటర్ బిగించాక మళ్ళీ ఇదే పరీక్ష చేస్తే మీ పని శుభ్రంగా జరిగిందో లేదో తేలిపోతుంది.

వైరింగ్‌లో నేను ఒక్క విషయంలో పట్టుబడతాను. బ్యాటరీనుంచి బయల్దేరే వైరుకి ఫ్యూజు టెర్మినల్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. కంప్యూటర్ పక్కన పెట్టే ఫ్యూజు దీనికి బదులు కాదు. ఫ్యూజు కాపాడేది వైరుని. బానెట్ కింద రేకుకి రాసుకుని తొడుగు చిరిగితే, ఫ్యూజు దాకా రాకముందే ఆ వైరు ఎర్రగా కాలి మంట లేస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల కారు వైరు, 10 ఆంపియర్ల ఫ్యూజు మీకు చాలు. ఇంజిన్‌కీ లోపలికీ మధ్య రేకులో కంపెనీ వైర్లు వచ్చే రబ్బరు బుష్ ఒకటి ఉంటుంది, దాంట్లోంచే లాగండి, కొత్త కన్నం వేయొద్దు. తాళం కబురు వైరు కోసం కంపెనీ వైరింగ్‌ని గీకి మెలితిప్పి టేపు చుట్టనివ్వకండి. మన ఎండకి ఆ టేపు జిగురు కారిపోయి, ఏడాది తిరిగేసరికి ఊడి వేలాడుతుంది. ఫ్యూజు బాక్సులోనే గుచ్చుకునే ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది, అది వాడితే రేపు తీసేసినా బండి యథాతథంగా ఉంటుంది. అతుకులన్నీ సరైన ప్లయర్‌తో క్రింప్ చేసి, లోపల జిగురుండి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి. చెరువుల గాలిలో, అంతర్వేది వైపు ఉప్పు గాలిలో విడి రాగి ఎంత తొందరగా పచ్చబడుతుందో మీ ఏరియేటర్ మోటార్ల దగ్గర చూసే ఉంటారు. తగరం పూత ఉన్న రాగి వైరు దొరికితే ఇంకా మంచిది.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. సీటు కింద వద్దు. మీ బూట్ల బురద, వాన నీళ్ళు చేరేది అక్కడికే. గోదావరి వరద రోజుల్లో లంక రోడ్ల మీద నడిపినప్పుడు కారులోకి చెమ్మ వచ్చినా ముందు తడిసేది అక్కడే. ఇంకో కారణం కూడా ఉంది. చాలా కార్లలో సీట్ల కింద సీటుబెల్టు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు పోతాయి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు, మీరైనా, మీ ఎలక్ట్రీషియన్ అయినా. నా సలహా వెనక సీటు వీపు, డిక్కీ వైపు. నేలకి ఎత్తులో ఉంటుంది, పైన పార్సిల్ ట్రే ఉంటుంది కాబట్టి నేరుగా ఎండ పడదు. రేకు పట్టీలు, బోల్టులతో బిగించండి. డబుల్ టేపు, వెల్క్రో ఎండకి వదిలేస్తాయి, గట్టిగా బ్రేకు వేస్తే ఆ పెట్టె ముందుకి ఎగిరొస్తుంది.

వేడి విషయం తేలిగ్గా తీసుకోకండి. రోహిణి కార్తెలో సఖినేటిపల్లి వెళ్ళడానికి నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు కోసం గంటసేపు ఎండలో ఆగారనుకోండి. ఏసీ లేకుండా మూసిన కారు లోపల 50 డిగ్రీలకు అటూ ఇటూ అవుతుంది, డాష్‌బోర్డు పైభాగం 70కి చేరుతుంది. ఇంట్లో వాడే మినీ పీసీలు చాలావరకు 35, 40 డిగ్రీల గదికి తయారైనవి. అందుకని ఆ వేళ కంప్యూటర్ ఆన్‌లో ఉంచకండి, అద్దాలు దించి ఏసీ వేసి కాసేపు పోయాక ఆన్ చేయండి. తిరిగే హార్డ్ డిస్కు వద్దు, ఎస్ఎస్‌డీ పెట్టించుకోండి. బ్యాకప్ కోసమని పవర్ బ్యాంకు బండిలోనే వదిలేసే అలవాటు చాలామందిలో చూస్తున్నాను, దయచేసి ఆ పని చేయకండి. లిథియం సెల్లుని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయడమే ప్రమాదం, మూసిన కారులో వదిలేయడం మరీ ప్రమాదం.

ఇప్పుడు మీరడిగిన ప్రాసెసర్. ఎక్సెల్ కావాలి, విండోస్ కావాలి అంటే ఇంటెల్ ఎన్100 తరహాది చాలు. దాని డిజైన్ పవర్ 6 వాట్లే. 8 జీబీ మెమొరీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ మీ పనికి సరిపోతాయి. ఇంకా బలమైనది కొంటే అదనంగా వచ్చేది వేడీ, బ్యాటరీ ఖర్చూ. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ కూడా మంచిదే కానీ దాని 5వ తరం బోర్డు పూర్తిగా పనిచేయాలంటే 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి, మామూలు కారు ఛార్జర్లు ఇవ్వలేవు. లైనక్స్ మీద చేయి తిరిగి ఉంటే తప్ప మీకు అది సిఫార్సు చేయను.

అన్నీ ఒకే పెట్టెలో నడవాలన్న ఆశ మాత్రం వదులుకోండి. రోడ్డు వైపు చూసే ఆ కెమెరా విడిగా ఉండాలి. ప్రమాదం జరిగిన క్షణంలో కంప్యూటర్ అప్‌డేట్ అవుతూ కూర్చుంటే ఆ కెమెరా ఎందుకు? మ్యాపుకి మీ ఫోను చాలు. పాటలకి ఉన్న స్టీరియో చాలు, కంప్యూటర్ శబ్దాన్ని దాంట్లోకి కలిపితే ఇంజిన్ వేగంతో పాటు పెరిగే కూత ఒకటి స్పీకర్లలో మొదలవుతుంది, ఎర్త్ తేడాల వల్ల. ఆ తలనొప్పి మీకెందుకు?

ఇవి తీసేస్తే తెర డాష్‌బోర్డులో ఉండాల్సిన పనే లేదు. మీరు లెక్కలు ఎక్కించేది బండి ఆగాక. 7, 8 అంగుళాల టచ్ తెరని ఎడమ సీటు ముందు, గ్లవ్ బాక్సు మూత లోపలివైపు బిగిస్తే మూత దించినప్పుడే కనిపిస్తుంది, ఎండ కూడా పడదు. మామూలు తెరల వెలుగు 250, 300 నిట్స్ ఉంటుంది, నీడలో అది చాలు. పగటి ఎండలో డాష్‌బోర్డు మీద చదవాలంటే 800 పైన కావాలి, వాటి ధర వేరు. ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ మూత మీద గానీ, అది తెరుచుకునే దారిలో గానీ ఏదీ ఉండకుండా మీ కారు పుస్తకంలో బొమ్మ చూసి మరీ నిర్ణయించండి. మీ నాన్నగారి అభ్యంతరం నాకు న్యాయంగానే తోస్తోంది. కంపెనీ ప్లాస్టిక్ కోస్తే మళ్ళీ అతకదు, రేపు అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది. నేను చెప్పిన పద్ధతిలో కోత ఒక్కటీ ఉండదు. ఆయనకి ఆ మాట చెప్పండి.

ఇంజిన్ వివరాలు చూసుకోవడానికి ఓబీడీ అనే ఇంజిన్ పరీక్ష సాకెట్‌కి చిన్న బ్లూటూత్ పరికరం తగిలించవచ్చు. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది కాబట్టి పని అయ్యాక తీసేయాలి.

చట్టం సంగతి రెండు మాటల్లో. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలు కంపెనీ మొదట చెప్పినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. విప్పి తీసేయగలిగే కంప్యూటర్‌తో ఆ ఇబ్బంది రాదు. నడుపుతూ తెర మీద వేళ్ళు పెట్టడం మాత్రం ఏ చట్టం చెప్పకపోయినా చేయకూడని పని. బీమా రెన్యువల్‌లో ఈ సామాను విలువ విడిగా రాయించండి. చెప్పకుండా పెట్టిన ఎలక్ట్రానిక్ సామానుకి క్లెయిమ్ రావడం కష్టం.

మీ 40 వేలలో పది, పన్నెండు వేలు కన్వర్టర్, వైరు, ఫ్యూజులు, మంచి ఎలక్ట్రీషియన్ కూలీ కోసం ముందే విడదీసి పెట్టండి. మిగిలినదాంట్లో కంప్యూటర్, తెర చూడండి. కొన్నాక వెంటనే కారులోకి ఎక్కించకండి. ఇంట్లో చెక్క పలక మీద అన్నీ బిగించి, ఒక 12 వోల్టుల బ్యాటరీ మీద వారం పాటు నడపండి. తాళం వైరు తీసి పెట్టి, అది తనంతట తాను మూసుకుంటోందా, తెరుచుకుంటోందా చూడండి. తర్వాత ఆ పలకనే డిక్కీలో పెట్టుకుని ఒక నెల చెరువులు తిరగండి. తెర ఎక్కడుంటే మీ చేతికి అందుతుందో, అసలు ఎంతసేపు వాడుతున్నారో ఆ నెలలో తేలుతుంది. లెక్కలు ముందు ఎస్ఎస్‌డీలోనే దాచుకునేలా చూసుకోండి, గట్ల మీద ఫోన్ సిగ్నల్ ఉన్నప్పుడు ఆన్‌లైన్‌కి ఎక్కిస్తే సరిపోతుంది. సిగ్నల్ లేనిదే తెరుచుకోని షీట్ల మీద ఆధారపడొద్దు.

బిగించిన రోజునే ఏ రంగు వైరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిందో, ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో ఒక కాగితం మీద గీసి, లామినేషన్ చేయించి గ్లవ్ బాక్సులో పెట్టండి. అర్ధరాత్రి చించినాడ వంతెన మీద బండి ఆగితే సాయానికొచ్చే మెకానిక్ ముందు అడిగేది అదే. ఆ వేళకి మీకు అవన్నీ గుర్తుండవు.